పని చేసింది, పనిచేసింది

పని జరగడం వేరు, జరిగిన పనికి ఫలితం దక్కడం వేరు. ఈ రెండింటి నడుమ ఉన్న ఎడాన్ని చెప్పే మాటల గురించి ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. విడివిడిగా చూస్తే చిన్న సందేహాలే అయినా, ఒకదాని జవాబు మరొకదానికి అక్కరకు వచ్చేటట్టు ఉన్నందువల్ల వాటన్నింటినీ ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నేను ఆరోగ్య సూచనలు, ప్రభుత్వ కరపత్రాలు తెలుగు చేస్తుంటాను. ‘ఎఫెక్టివ్’ అన్న మాట ఎదురైనప్పుడల్లా ఒకసారి సమర్థవంతం అనీ, ఒకసారి ప్రభావవంతం అనీ, ఇంకోసారి ఫలవంతం అనీ రాస్తున్నాను. వీటికి తేడా ఉందా? ఉంటే ఎక్కడ ఏది వాడాలి? (ఒక అనువాదకురాలు)

జవాబు: తేడా ఉంది, అది చిన్నదేమీ కాదు. సమర్థత పని చేసేవారిలో ఉంటుంది. ప్రభావం ఆ పనికి లోనైనవారి మీద పడుతుంది. ఫలం పని అయ్యాక చేతికి వస్తుంది. ఒక ఉపాధ్యాయుణ్ణి తీసుకుందాం. పాఠం మీద పట్టు, చెప్పే నేర్పు, తరగతిని నడిపే ఓర్పు ఉన్నాయి కాబట్టి ఆయన సమర్థుడు. సెలవు రోజున ఇంట్లో నిద్రపోతున్నా సమర్థుడే. ఆయన ప్రభావం పిల్లల మీద పడిందంటే వాళ్ల చేతిరాత, మాటతీరు, చివరికి మాట్లాడేటప్పుడు చెయ్యి ఊపే పద్ధతి కూడా ఆయనను పోలి వచ్చి ఉండవచ్చు. దానికి పాఠంతో సంబంధం ఉండాలన్న నియమం లేదు, అది మంచిదే అయి ఉండాలన్న నియమమూ లేదు. ఆయన బోధన ఫలించిందంటే మాత్రం, పుస్తకంలో లేని కొత్త లెక్క ఇచ్చినప్పుడు పిల్లవాడు ఎవరి సాయమూ లేకుండా దాన్ని చేసి చూపాలి. అందుకే ‘ఆయన సమర్థుడే, పిల్లల మీద ఆయన ప్రభావమూ తక్కువది కాదు, అయినా ఆ ఏడాది బోధన ఫలించలేదు’ అంటే మనకు తప్పుగా తోచదు. మూడు మాటలకూ అర్థం ఒకటే అయి ఉంటే ఆ వాక్యం పొంతన లేనిదయ్యేది.

ఈ మాటల పుట్టుక చూస్తే తేడా ఇంకా తేటపడుతుంది. సమర్థ అన్నది ‘సమ్’ అనే ఉపసర్గ ‘అర్థ’ శబ్దంతో కలిసి ఏర్పడింది. అర్థమంటే మాట తెలిపే భావమే కాదు, ప్రయోజనం కూడా. ఉద్దేశించిన ప్రయోజనంతో చక్కగా అతికినది సమర్థం. పాణిని తన వ్యాకరణంలో రెండో అధ్యాయాన్ని ‘సమర్థః పదవిధిః’ అన్న సూత్రంతో మొదలుపెట్టాడు. ఒకదానితో ఒకటి అర్థం అతికే పదాల మధ్యనే సమాసం వంటి కార్యాలు జరుగుతాయని దాని సారం. తెలుగులో ‘సమర్థించు’ అన్న క్రియ పూర్తిగా వేరే దారి పట్టినట్టు కనిపిస్తుంది గాని, దానిలోనూ ఉన్నది ఈ అతుకే. వాదాన్ని సమర్థించడమంటే దానికి ఆధారాన్ని అతికించడం.

ప్రభావం కథ వేరు. ‘స ప్రతాపః ప్రభావశ్చ యత్తేజః కోశదండజమ్’ అని అమరకోశం చెబుతుంది. కోశం అంటే ఖజానా, దండం అంటే సైన్యం; ఆ రెండింటి వల్ల రాజుకు కలిగే తేజస్సే ప్రతాపం, ప్రభావం. అంటే అక్కడ ప్రభావం రాజులో ఉన్న వెలుగు. ఇవాళ మన వాడుకలో రాజు పోయాడు, వెలుగు పడిన చోటు మాత్రం మిగిలింది. ఎండ ప్రభావం, మత్తు ప్రభావం, తుపాను ప్రభావం అంటున్నామంటే ఆ మాటకు మంచిచెడులతో నిమిత్తం లేదనే కదా. కాబట్టి ‘ప్రభావవంతమైన పథకం’ అని రాస్తే ఆ పథకం వల్ల ఏదో మార్పు వస్తుందని తెలుస్తుంది గాని, అనుకున్న మేలు జరుగుతుందని తెలియదు. అనుకున్నది నెరవేరిందని చెప్పదలిస్తే ఫలవంతం, ఫలప్రదం, సార్థకం అన్న మాటలు నమ్మదగినవి.

ఇంతా చెప్పాక అసలు సలహా ఇది. కరపత్రంలో ఈ మూడింటిలో ఏదీ అవసరం లేని చోట్లే ఎక్కువ. ‘సబ్బుతో చేతులు కడుక్కోవడం వ్యాధుల నివారణకు ఎంతో ప్రభావవంతమైన మార్గం’ అన్న వాక్యంలో ఎవరు కడుక్కోవాలో, ఏమి జరుగుతుందో రెండూ నామవాచకాల కింద నలిగిపోయాయి. ‘సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలా జబ్బులు దరికి రావు’ అంటే చదివినవారు లేచి వెళ్లి చేతులు కడుక్కుంటారు. ఇటువంటి చోట్ల తెలుగు విశేషణాన్ని వెతకదు, క్రియతో చెబుతుంది. ఆ క్రియ కూడా రాతలో ఒక చిన్న ఖాళీతోనే అర్థం మార్చుకుంటుంది: మనిషి పని చేశాడు అంటే శ్రమపడ్డాడు, ఉపాయం పనిచేసింది అంటే ఫలించింది. అచ్చులో ఈ ఖాళీని పట్టించుకునేవారు తక్కువే అయినా, మీరు పట్టించుకోండి.

ప్రశ్న: ‘సమర్థవంతం’ తప్పనీ, ‘శక్తివంతం’ కూడా తప్పేననీ మాకు తెలుగు చెప్పిన మాస్టారు అనేవారు. పత్రికలన్నీ ఆ రెండింటినీ ధారాళంగా వాడుతున్నాయి. ఎవరిది సరి? (ఒక విశ్రాంత ఉద్యోగి)

జవాబు: వ్యాకరణం దృష్టితో మీ మాస్టారు చెప్పినది సరైనదే. అయితే ఆ రెండు తప్పులూ ఒక రకానివి కావు.

‘కలది’ అన్న అర్థంలో నామవాచకానికి చేరే సంస్కృత ప్రత్యయం మతుప్పు. గుణం కలవాడు గుణవంతుడు, బుద్ధి కలవాడు బుద్ధిమంతుడు. సమర్థ అన్నది నామవాచకం కాదు, అప్పటికే విశేషణం. దానికి వంతం చేర్చడం పండితుణ్ణి పండితవంతుడు అనడం వంటిది. సామర్థ్యానికి ఆ ప్రత్యయం చేర్చి సామర్థ్యవంతం అనవచ్చు. లేదా హాయిగా సమర్థం, సమర్థంగా అని ఊరుకోవచ్చు.

శక్తి విషయంలో ప్రత్యయం చేరడం సరైనదే, దాని రూపమే సరిపడలేదు. పదం చివర అకారమో ఆకారమో ఉంటే మతుప్పులోని మకారం వకారం అవుతుంది: ధనవంతుడు, విద్యావంతుడు. చివరి వర్ణం మకారమైనా, చివరి వర్ణానికి ముందు మకారం ఉన్నా అంతే. మిగతా చోట్ల సాధారణంగా మకారం మకారంగానే నిలుస్తుంది: బుద్ధిమంతుడు, శ్రీమంతుడు. లక్ష్మి శబ్దం ఈకారంతో ముగిసినా దానికి ముందు మకారం ఉన్నందువల్ల లక్ష్మీవంతుడు అయింది. శక్తిలో ఆ మకారం లేదు. కాబట్టి శక్తిమంతం అన్నదే సూత్రానికి సరిపోయే రూపం.

మరి ఎర్ర సిరాతో కొట్టివేయాలా అంటే, నా పద్ధతి చెబుతాను. శక్తివంతం తెలుగులో స్థిరపడిపోయింది. చదువుకున్నవారి నోటా, చదువుకోనివారి నోటా అదే వస్తుంది. అరువు తెచ్చుకున్న మాట మన నోట మన తీరుగా మారడం కొత్త కాదు కాబట్టి దాన్ని నేను దిద్దను. సమర్థవంతాన్ని మాత్రం దిద్దుతాను, సూత్రభంగం ఒక్కటే కారణం కాదు. సమర్థం అన్న పొట్టి మాట చెప్పని విషయం ఏదీ ఆ పొడుగు మాట చెప్పడం లేదు. పదాన్ని సాగదీస్తే గాంభీర్యం వస్తుందన్న భ్రమ తప్ప దాని వెనుక మరేమీ కనిపించదు. ఇక ప్రభావవంతం వ్యాకరణానికి నిలబడుతుంది, నోటికే రెండు వకారాలు అడ్డుపడతాయి. ప్రభావశీలం అంటే ఆ ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: భౌతికశాస్త్రం పాఠంలో సామర్థ్యాన్ని వాట్లలో కొలుస్తాం, దక్షత అని వేరే ఒకటి ఉంది. వార్తల్లో మాత్రం జలాశయానికీ సామర్థ్యమే, క్రీడాకారుడికీ సామర్థ్యమే. పరీక్షలో రాసేటప్పుడు తికమకపడుతున్నాను. (ఒక ఇంటర్మీడియట్ విద్యార్థిని)

జవాబు: వాడుకలో మాటకు వెసులుబాటు ఉంటుంది, శాస్త్రం ఆ మాటను తీసుకుని ఒకే అర్థానికి ముడివేస్తుంది. మీ పాఠంలో సామర్థ్యం అంటే పని జరిగే రేటు మాత్రమే. ఒక సెకనుకు ఒక జౌలు చొప్పున పని జరిగితే అది ఒక వాట్. దక్షత అంటే యంత్రానికి మనం అందించిన శక్తిలో ఎంత భాగం మనకు కావలసిన పనిగా మారిందో చెప్పే నిష్పత్తి. అందుకే దానికి ప్రమాణాలు ఉండవు, శాతంలో చెబుతారు.

ఒక బల్బును దగ్గరగా చూస్తే ఇది తేలికగా పట్టుబడుతుంది. లోపల తీగ ఎర్రగా కాలి వెలిగే పాత బల్బు, 60 వాట్లది అనుకోండి. అది తీసుకున్న విద్యుత్తులో కంటికి కనిపించే వెలుగుగా మారేది పదో వంతుకు మించదు, మిగిలినదంతా వేడి. వెలుగుతున్న ఆ బల్బును ముట్టుకున్నవారెవరూ దాన్ని మరిచిపోరు. ఇంచుమించు అంతే వెలుగు ఇచ్చే ఎల్‌ఈడీ బల్బు మీద 9 వాట్లని రాసి ఉంటుంది. సామర్థ్యం పాతదానికి ఎక్కువ, దక్షత కొత్తదానికి ఎక్కువ. గదిలో కూర్చుని పుస్తకం చదువుకునేవారి దృష్టితో చూస్తే ఫలితం రెండింటిదీ ఒకటే. మూడు మాటలూ అక్కడే, ఒక్క హోల్డరు కిందనే ఉన్నాయి. జలాశయం విషయంలో సామర్థ్యమంటే పట్టు, అంటే ఎంత నీరు నిలవగలదన్నది; క్రీడాకారుడి విషయంలో చేవ. పరీక్షలో ఈ రెంటి జోలికీ పోకండి.

దక్షతకు ప్రకృతి హద్దు కూడా వేసింది. రెండు ఉష్ణోగ్రతల మధ్య నడిచే ఉష్ణయంత్రం, అది ఎంత మేలైనదైనా, తీసుకున్న వేడినంతటినీ పనిగా మార్చలేదన్న అవగాహనకు 1824లో ఫ్రెంచి ఇంజనీరు సాడీ కార్నో రాసిన చిన్న గ్రంథం పునాది వేసింది. ‘నూరు శాతం దక్షతతో విధులు నిర్వర్తించారు’ అన్న సన్మానపత్రాలు చూసినప్పుడు నాకు ఆయనే గుర్తుకు వస్తాడు.

దక్ష శబ్దానికి నేర్పు అని అర్థం. దక్షిణ అన్న మాట దీనికి చుట్టం: దానికి కుడి అని ఒక అర్థం, ఒక దిక్కు అని ఇంకొక అర్థం. తూర్పు ముఖంగా నిలబడితే కుడిచేతి వైపున ఉండేది దక్షిణ దిక్కే. కార్యదక్షుడు అన్నప్పుడు మనం మెచ్చుకునేది బలాన్ని కాదు, కుడిచేతి వాటాన్ని, అనవసరమైన కదలిక లేని తీరును. శాస్త్రం తన పారిభాషిక పదానికి ఈ మాటను ఎన్నుకోవడం మంచి ఎంపిక.

ప్రశ్న: కోవిడ్ టీకా గురించి 2020 చివర్లో ‘95 శాతం సమర్థత’ అని చదివాను. వందమందికి వేస్తే 95 మందికి రక్షణ, మిగిలిన అయిదుగురికి వ్యాధి తప్పదని దాని అర్థమా? అక్కడ సమర్థత అన్న మాట సరైనదేనా? (ఒక గృహిణి)

జవాబు: అలా అర్థం చేసుకున్నవారు చాలామంది ఉన్నారు, తప్పు చదివినవారిది కాదు. ఆ అంకె ఫైజర్, బయోఎన్‌టెక్ సంస్థల టీకాకు సంబంధించింది. ఇంచుమించు 43 వేల మందిని రెండు సమాన బృందాలుగా చేసి, ఒక బృందానికి టీకా, మరొక బృందానికి టీకా మందు లేని ఉత్తుత్తి సూది ఇచ్చారు. లెక్క తీసిన నాటికి మొత్తం 170 మందికి వ్యాధి వచ్చింది. అందులో ఉత్తుత్తి సూది తీసుకున్నవారు 162 మంది, టీకా తీసుకున్నవారు 8 మంది. 162లో 8 అంటే సుమారు 5 శాతం. టీకా లేనిచోట నూరుమందికి వ్యాధి వచ్చే పరిస్థితి ఉంటే టీకా ఉన్నచోట అయిదుగురికే వచ్చిందని, అంటే 95 శాతం తగ్గిందని దాని అర్థం. రెండు బృందాల్లోనూ వ్యాధి రానివారే అత్యధికులన్నది గమనించండి. 95 అన్నది మనుషుల లెక్క కాదు, ఒక బృందంతో మరొక బృందాన్ని పోల్చిన లెక్క.

ఇక మాట సంగతి. వైద్యశాస్త్రం ఇక్కడ రెండు వేర్వేరు పదాలు వాడుతుంది. జాగ్రత్తగా ఏర్పాటు చేసిన పరీక్షలో తేలేది ఎఫికసీ. టీకా బయటికి వచ్చి, అందరికీ వేయడం మొదలయ్యాక కనిపించేది ఎఫెక్టివ్‌నెస్. పరీక్షలో ప్రతి మోతాదూ వేళకు పడుతుంది. బయట రెండో మోతాదు మరిచిపోయేవారుంటారు, ఇతర జబ్బులతో ఉన్నవారుంటారు, తొలినాళ్లలో మైనస్ 70 డిగ్రీల దగ్గర భద్రపరచవలసిన ఆ టీకాకు దారిలో చలి చాలకపోవడమూ జరగవచ్చు. అందుచేత రెండు అంకెలూ ఒకటి కాకపోవడం సహజం. మొదటిదాన్ని సమర్థత అనడం సరైనదే, ఎందుకంటే అది మందులో ఉన్న శక్తిని చెబుతుంది. రెండోదానికి ఫలసిద్ధి అన్న మాట నాకు నచ్చుతుంది. పత్రికలు రెండింటినీ సమర్థత అనే రాయడం వల్ల, తర్వాత వేరే అంకె వచ్చినప్పుడు మొదట చెప్పింది అబద్ధమేమోనన్న అనుమానం జనంలో పుట్టింది.

మన ఇళ్లలో ఈ తేడా ఎప్పటినుంచో ఉంది. ‘మందు మంచిదే, నాకే గుణం కనిపించలేదు’ అన్నవారు ఆ రెంటినీ విడదీసే మాట్లాడుతున్నారు. ‘మందు పనిచేయలేదు’, ‘మందు పడలేదు’ అన్న మాటలు కూడా ఒకటి కావు. పనిచేయకపోతే జబ్బు అలాగే ఉంటుంది, పడకపోతే కొత్త బాధ మొదలవుతుంది. వైద్యుడికి చెప్పేటప్పుడు ఈ రెండూ కలగాపులగం చేయకూడదు.

ఇందాక ప్రభావం గురించి రాశాను కాబట్టి ఒక ముక్క. ఆయుర్వేదంలో ఆ మాటకు ప్రత్యేకమైన అర్థం ఉంది. ద్రవ్యం చేసే పనిని దాని రసం (రుచి), వీర్యం (వేడి, చలువ వంటి శక్తి), విపాకం (జీర్ణమయ్యాక తేలే రుచి) అన్నవాటిని బట్టి వివరిస్తారు. చిత్రమూలం, దంతి అనే రెండు మొక్కలకూ ఆ మూడూ ఒకే తీరువి, అయినా దంతి మాత్రమే విరేచనం చేయిస్తుందని చరక సంహిత ఉదాహరణ ఇస్తుంది. ఆ లెక్కకు అందకుండా మిగిలిపోయిన పనితనానికి వాళ్లు పెట్టిన పేరు ప్రభావం.

ప్రశ్న: ‘వరద ప్రభావిత ప్రాంతాలు’ అన్న ప్రయోగం సరైనదేనా? (ఒక పాఠకుడు)

జవాబు: చెవికి అలవాటైపోయింది గాని తెలుగు పలుకుబడి కాదు. మహానుభావుడి ఉపన్యాసం విని ప్రభావితుడైనవాడిలాగా ఊరు వరదతో ప్రభావితం కాదు, మునుగుతుంది. ముంపు గ్రామాలు, వరద పీడిత ప్రాంతాలు, వరద తాకిడికి గురైన ఊళ్లు అన్న మాటలు ఉండనే ఉన్నాయి.

ప్రశ్న: ‘ఆమె తన ప్రయత్నంలో సఫలీకృతురాలైంది’ అని రాస్తే మా సంపాదకుడు కొట్టివేశాడు. ఎందుకు? (ఒక విలేఖరి)

జవాబు: అంతకుముందు సఫలం కానిదాన్ని సఫలంగా చేస్తే అది సఫలీకృతం. చేయబడేది ప్రయత్నమే తప్ప మనిషి కాదు. ప్రయత్నం సఫలమైంది, ఆమె కృతకృత్యురాలైంది, కృతార్థురాలైంది. ‘ఆమె అనుకున్నది సాధించింది’ అని రాసి ఉంటే కొట్టివేతే లేకపోను.

ప్రశ్న: ఉత్తర్వుల్లో ‘ఈ నియమం ఫలానా తేదీ నుండి ప్రభావంలోకి వచ్చును’ అని కనిపిస్తోంది. ‘సమర్థవంతంగా అమలు చేయాలి’ అని కూడా రాస్తారు. ఇవి సరైనవేనా? (ఒక న్యాయవాది)

జవాబు: మొదటిది ఇంగ్లీషు మాటకు తెలుగు తొడుగు. చట్టం విషయంలో మనకు అమలు అన్న చక్కని మాట ఉంది. పని, ఆచరణ అన్న అర్థమున్న అరబీ మాట అది; ఉర్దూ దారిన వచ్చి తెలుగులో పాతుకుపోయింది. ఆమోదం వేరు, అమలు వేరు అని చెప్పడానికి మన రాజ్యాంగమే ఉదాహరణ: రాజ్యాంగ సభ దాన్ని 1949 నవంబరు 26న ఆమోదించింది, పౌరసత్వం వంటి కొన్ని అధికరణలు ఆ రోజే అమలులోకి వచ్చాయి, తక్కినవి 1950 జనవరి 26న వచ్చాయి. సమాచార హక్కు చట్టానికి రాష్ట్రపతి ఆమోదముద్ర 2005 జూన్‌లో పడింది, పూర్తిగా అమలులోకి వచ్చింది అక్టోబరు 12న. ఈ వాక్యాల్లో అమలుకు బదులు ప్రభావం పెట్టి చదివి చూడండి, వ్యవధి గురించి చెబుతున్న వాక్యం పర్యవసానం గురించి చెబుతున్నట్టు మారిపోతుంది.

నియమం గడిచిన కాలానికీ వర్తిస్తుంది అనాలి. పత్రం ఫలానా తేదీ వరకు చెల్లుతుంది అనాలి. చెల్లు అన్నది నాణేనికి మొదలుకొని మనిషి మాట దాకా నడిచే క్రియ. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో చెప్పడానికి మనం ప్రభావం అన్న పదాన్ని వెతుక్కోము.

రెండో ప్రయోగంలో ఏమి కావాలో తేల్చుకోవాలి. ఎవరూ తప్పించుకోకుండా ఉండాలంటే పకడ్బందీగా, సందులు లేకుండా ఉండాలంటే కట్టుదిట్టంగా, తుచ తప్పకుండా జరగాలంటే కచ్చితంగా. ఈ మూడు విధాలా అమలైన చట్టం కూడా ఫలించకపోవచ్చు. అది అమలు చేసినవారి తప్పు కాదు, రాసినవారిది. ‘సమర్థవంతంగా’ అన్న ఒక్క మాటతో సరిపెట్టినప్పుడు ఆ తప్పు ఎవరిదో అడగడానికి వీలు లేకుండా పోతుంది.

ప్రశ్న: ఇవన్నీ సంస్కృతం, అరబీ మాటలేనా? పని ఫలించడాన్నీ ఫలించకపోవడాన్నీ చెప్పడానికి తెలుగుకు తనవైన మాటలు లేవా? (ఒక పరిశోధక విద్యార్థి)

జవాబు: ఉన్నాయి, విషయాన్ని బట్టి మారుతూ ఉన్నాయి. పాచిక పారుతుంది, ఎత్తు పారుతుంది. పారడం పన్నాగాలకే గాని మందులకు కాదు. చదువు ఒంటబడుతుంది, పాఠం తలకెక్కుతుంది, హితవు చెవికెక్కుతుంది, మాట మనసులో నాటుతుంది. ఎక్కడ తగలాలో ఆ అవయవం పేరే క్రియలో చేరిపోవడం చూడండి. ఒకడికి చెప్పిన మాట చెవికెక్కింది గాని తలకెక్కలేదంటే విన్నాడు, గ్రహించలేదు. తలకెక్కింది గాని ఒంటబట్టలేదంటే గ్రహించాడు, నడతలోకి రాలేదు. ఇంత పొందికైన మెట్లు ఉండగా ప్రభావవంతమైన బోధన అని రాయబుద్ధి కాదు. నామవాచకాలు కావాలంటే చేవ ఉంది. చెట్టు నడుమ గట్టిపడిన కర్రకు అది పేరు. పస ఉంది, పదును ఉంది. సత్తా కూడా తెలుగుదే అనిపిస్తుంది గాని, అది ఉనికి అన్న అర్థమున్న సంస్కృత శబ్దం, మన దగ్గర శక్తిగా స్థిరపడింది. అమోఘం కూడా ఇలా దారి మార్చుకున్నదే. మోఘం అంటే వ్యర్థం, అమోఘం అంటే గురి తప్పనిది. ఇవాళ పాట బాగా పాడినా అమోఘం అంటున్నాం, గురి సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఫలించకపోవడాన్ని చెప్పడంలో మాత్రం మన సామెతలది పైచేయి. నిష్ఫలం, విఫలం, వ్యర్థం, నిరర్థకం అన్న సంస్కృత పదాలన్నీ పోయిందని మాత్రమే చెబుతాయి. సామెతలు ఎందుకు పోయిందో చెబుతాయి. బూడిదలో పోసిన పన్నీరులో పన్నీరుకు వంకలేదు, పోసిన చోటు తప్పు. అడవి కాచిన వెన్నెలలో చోటుదీ తప్పు కాదు, చూసి ఆనందించే మనిషి లేడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడంలో మనిషి ఉన్నాడు, అతనికి అందే దారిని ఊదేవాడు ఎంచుకోలేదు. మొరటు సామెత, ఇవాళ రాతలో వాడకపోవడమే మర్యాద. ఏట్లో పిసికిన చింతపండులో చోటూ సరే, వస్తువూ సరే, మోతాదు చాలలేదు. పనికిరాకుండా పోయిన ఏ పథకాన్నైనా పట్టుకుని ఈ నాలుగింటిలో దేని కింద పడుతుందో అడిగితే సగం విచారణ పూర్తయినట్టే.

ఇంకో రెండు సామెతలు ఉన్నాయి, వాటిని ఈ వరసలో కలపకూడదు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేస్తే పిచ్చుక చస్తుంది. ఫలితంలో లోటు లేదు, సాధనమే పనికి మించింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమూ ఆ కోవలోదే. దాన్ని చాలామంది వైఫల్యానికి ఉదాహరణగా రాస్తున్నారు. సామెతను మరొకసారి చదవండి: ఎలుక దొరికింది. అక్కడ లోపించింది దక్షత.